మాట పడిపోయినవాడూ, మాటాడే యంత్రమూ

ఈ మధ్య మన మిత్రుల గోష్ఠులలో యంత్రాన్ని గురించిన చర్చ వచ్చినప్పుడల్లా రెండు వాదాలు వినబడుతున్నవి. మాటాడే యంత్రాలు వచ్చినవి గనక ఇక రోగికి సేవ చెయ్యటానికి మనుషుల అవసరం తగ్గిపోతుందని ఒక వాదం. మనిషి చెయ్యవలసిన సేవను యంత్రానికి అప్పగించటం అమానుషమని రెండవ వాదం. మొదటి వాదం చేసేవారు యంత్రాన్ని చూశారుగాని రోగిని చూడలేదు. రెండవ వాదం చేసేవారు సేవను గురించి మాట్లాడుతారుగాని, ఆ సేవ మన ఇళ్ళలో ఎవరు చేస్తున్నారో చూడరు. రెండు వాదాలూ గాలిలో నిలబడి ఉన్నవి. వీటిని తీసుకుపోయి, పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మనిషి మంచం పక్కన నిలబెడితేనేగాని వీటి బలమెంతో తేలదు.

పక్షవాతం అంటే చెయ్యీ కాలూ పడిపోవటమని మన ఊళ్ళలో అర్థం. నిజానికి దెబ్బతినేది మెదడు. మెదడుకు రక్తం తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడటంవల్లగాని, నాళం చిట్లటంవల్లగాని ఒక భాగంలో కణాలు చచ్చిపోతవి. 2019 సంవత్సరానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన లెక్కలో, మరణకారణాలలో గుండెజబ్బు తరువాతి స్థానం దీనిదే. బతికి బయటపడినవారిలో సుమారు మూడోవంతుమందికి భాష దెబ్బతింటుంది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు, “టాన్” అనే ఒక్క ధ్వని తప్ప మరేమీ పలకలేకపోయిన రోగి మెదడును, అతను చనిపోయిన తరువాత పరీక్షించి, ఎడమవైపు ముందుభాగంలో దెబ్బ ఉన్నట్టు చూపాడు. కుడిచేతిని నడిపేది కూడా ఎడమ మెదడే. కుడిచెయ్యీ మాటా కలిసి పోవటం తరచుగా జరిగేది ఇందువల్లనే.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా తెలుసుకోవాలి. ఇట్లా మాట పోయినవాడికి తెలివి పోదు. ఎదుట ఉన్నది కళ్ళజోడని అతనికి తెలుసు. ఆ పేరు నోటికి రాదు. లేకపోతే దానికి బదులు “గొడుగు” అనే మాట వస్తుంది. వచ్చింది తప్పని కూడా అతనికి చాలాసార్లు తెలుస్తుంది. అందుకనే ఆ బాధ.

చచ్చిన కణాలు తిరిగి బతకవు. కాని మిగిలిన మెదడు పోయిన పనిని కొంతవరకు కొత్త దారిలో నేర్చుకోగలదు. ఈ నేర్పు మందుతో వచ్చేది కాదు, పని చెయ్యటంవల్ల వచ్చేది. ఒక మాటను వందసార్లు పలకాలి. ఒక వేలిని వెయ్యిసార్లు వంచి చాపాలి. కాబట్టి పక్షవాతం నుంచి కోలుకోవటం ప్రధానంగా శ్రమకు సంబంధించిన విషయం. రోగి శ్రమ ఒకటి; అతని పక్కన కూర్చుని ఆ వందసార్లూ వినేవారి శ్రమ మరొకటి. మన ప్రశ్న ఈ రెండవ శ్రమను గురించి. దాన్ని యంత్రానికి అప్పగించవచ్చునా? అప్పగిస్తే, అప్పగించినవాడి బాధ్యత తీరిపోతుందా?

ఈ ప్రశ్న నాకు పుస్తకాలలో దొరికింది కాదు. మా నాన్న తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటరుగా పనిచేశాడు. సీసపు అక్షరాలను కేసులోనుంచి ఏరి, స్టిక్కులో తలకిందులుగా పేర్చి, కంటితో తిరగేసి చదవటం ఆయన వృత్తి. కంప్యూటరు వచ్చి ఆ పని పోయింది. తరువాత ప్రూఫులు దిద్ది మమ్మల్ని చదివించాడు. 2023లో ఒక తెల్లవారుజామున ఆయనకు కుడివైపు పడిపోయింది. గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటలలోపల ఎక్కించవలసి ఉండగా, షుగరు పడిపోయి ఉంటుందనే అనుమానంతో మేమూ, మొదట చూపించిన చోటా ఆ గంటలు పోగొట్టాం. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేనాటికి, ముప్పయ్యేళ్ళు ఇతరుల అక్షరదోషాలు దిద్దిన మనిషికి తన పేరు పలకటానికి రాలేదు.

మాట నేర్పే నిపుణురాలు గుంటూరులో ఉన్నది. వారానికి ఒకసారి కారు కట్టించుకుని వెళ్ళేవాళ్ళం. మిగిలిన ఆరు రోజులూ అమ్మ. నేను ఆదివారాలు వెళ్ళేవాణ్ణి. ఆరవ నెలలో నేనొక మాటాడే యంత్రాన్ని కొని తీసుకుపోయాను. డబ్బాలాంటి స్పీకరు. పిలిస్తే పలుకుతుంది, మందుల వేళలు చెప్తుంది, పాట పెట్టమంటే పెడుతుంది. ఫ్యానూ లైటూ దానికి తగిలించాను. ఒక ఫోనులో తెలుగు మాటలు వినే ఏర్పాటు కూడా చేశాను. నాన్న ఒక మాట పలికితే అది అక్షరాలుగా తెరమీద పడేది.

ఈ యంత్రం చేసిన మేలు దాచటం న్యాయం కాదు. మందుల వేళ ఒక్కనాడు తప్పలేదు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. నాన్న మా ఎదుట పలకటానికి సిగ్గుపడేవాడు. ఒకప్పుడు నా చేత గుణింతాలు దిద్దించిన మనిషి, నా ఎదుట కూర్చుని “అరటిపండు” అని పలకలేకపోతే, నేను “అదికాదు నాన్నా, మళ్ళీ” అంటే ఆ ముఖం చూడలేకపోయేవాణ్ణి. ఫోను ఎదుట ఆయనకు ఆ సిగ్గు లేదు. తెరమీద “అరటిపండు” అని తప్పులేకుండా పడేదాకా ఒంటరిగా నలభైసార్లు పలికేవాడు. తప్పు పడ్డప్పుడు ప్రూఫు దిద్దేవాడి కోపమే వచ్చేది తప్ప, కొడుకు ముందు చిన్నబోయిన తండ్రి దుఃఖం రాలేదు. యంత్రం కరుణామయం అయినందువల్ల ఇది జరగలేదు. యంత్రం ఎవరూ కానందువల్ల జరిగింది. మనిషికి కొన్ని సమయాలలో, తనను చూసేవారు ఎవరూ లేకపోవటం కూడా అవసరమే.

రెండవ మేలు: ఫ్యాను వెయ్యమని మరొకరిని అడగనవసరం లేకపోవటం. రోజుకు ముప్పయిసార్లు అడగవలసి వచ్చేవాడికి, అడగటమే ఒక జబ్బు. అడిగించుకునేవారు ఎంత ప్రేమగలవారైనా పదిహేనోసారికి ముఖం మారుతుంది. ఆ మార్పును రోగి చూస్తాడు.

సేవాధర్మాన్ని గురించి గొప్పగా చెప్పేవారు ఇది ఆలోచించాలి. మన కుటుంబాలలో రోగికి జరిగే సేవ “మానవత్వం” అనే పేరుతో జరుగుతున్న ఆడవారి కూలిలేని చాకిరీ. తండ్రికి జబ్బు చేస్తే కొడుకు ఖర్చు పెడతాడు, కోడలో భార్యో కూతురో ఒళ్ళు వంచుతుంది. అమ్మ ఆరునెలలు రాత్రిళ్ళు సరిగా నిద్రపోలేదు. యంత్రం తెచ్చిన రోజున, ఇక నీకు కొంత విశ్రాంతి అని నేను ఆర్భాటంగా చెప్పాను. ఆమె నవ్వి, “పోనీలేరా, దాన్ని కొనటానికైనా డబ్బిచ్చావు” అన్నది. శ్రమను గురించి నేను తరగతి గదిలో చెప్పిన పాఠాలన్నీ ఆ ఒక్కమాట ముందు నిలవలేదు. యంత్రం వద్దనటమంటే, ఆ నిద్రలేని రాత్రులను అట్లాగే ఉండనివ్వమనటం. ఆ మాట అనే హక్కు ఆ రాత్రులు మేల్కొన్నవారికి తప్ప మరొకరికి లేదు.

అయితే ఒక సాయంత్రం ఇట్లా జరిగింది. అమ్మ మార్కెట్టుకు వెళ్ళింది. నాన్నకు చలివేసింది. ఫ్యాను ఆపమనబోతే నోట “లైటు ఆపు” అని వచ్చింది. యంత్రం లైటు ఆపింది. లైటు మళ్ళీ వెయ్యమనటానికి ఆయనకు మాట కుదరలేదు. కంగారులో ఉన్న మాట కూడా పోయింది. యంత్రం కొన్ని క్షణాలు విని, ఏమీ అర్థం కాక ఊరుకున్నది. అమ్మ తిరిగి వచ్చేసరికి నాన్న చీకటిలో, ఫ్యాను కింద, దాదాపు గంటసేపటి నుంచి కూర్చుని ఉన్నాడు.

ఇది యంత్రంలో లోపం అని, రేపు సవరిస్తారని అనవచ్చు. కొంత సవరించవచ్చు కూడా. కాని ఈ సంఘటనలో యంత్రం తన పని సరిగానే చేసింది. లైటు ఆపమన్నాడు, ఆపింది. అమ్మ ఎదుట ఉంటే ఏం జరిగేది? “లైటు” అన్నప్పుడు ఆమె ఆయన నోటిని చూడదు, ఆయనను చూస్తుంది. భుజాలు ముడుచుకుని ఉన్నాడు, దుప్పటి లాక్కుంటున్నాడు, కళ్ళు పైకి ఫ్యానువైపు పోతున్నవి. ఆమె ఫ్యాను ఆపుతుంది. యంత్రం మాటను వింటుంది, ఆమె మనిషిని వింటుంది. మాట పడిపోయినవాడి విషయంలో ఈ తేడా చిన్నది కాదు. ఎందుకంటే అతని దగ్గర నమ్మదగనిది మాట ఒక్కటే; తక్కినదంతా నిజమే చెప్తున్నది.

ఇప్పుడు ఓర్పు సంగతి చూద్దాం. యంత్రానికి అంతులేని ఓర్పు ఉన్నదని దాన్ని మెచ్చుకునేవారు అంటారు. పరిశీలిస్తే ఇందులో రెండు సంగతులు కలగలిసి ఉన్నవి. ఒకే మాట వందసార్లు వినటానికి యంత్రం విసుగుకోదు. కాని మౌనాన్ని అది భరించలేదు. కొన్ని క్షణాలు శబ్దం లేకపోతే వినటం మానేస్తుంది. మనిషి ఇందుకు సరిగా వ్యతిరేకం. తిరిగి తిరిగి వినటానికి విసుగుకుంటాడు. కాని ప్రేమ ఉంటే, ఒక్క మాట రావటానికి రెండు నిమిషాలు నోరు మెదపకుండా కూర్చోగలడు. అయితే నిజం చెప్పాలంటే నేను అట్లా కూర్చోలేదు. నాన్న మాట వెతుక్కుంటుంటే నేనే అందించేవాణ్ణి. నా తొందరను నేను సహాయం అనుకున్నాను. మాటకోసం వెతుక్కోవటమే కోలుకోవటమనీ, మాట అందించటమంటే ఆ పనిని రోగి చేతిలోనుంచి లాక్కోవటమనీ గుంటూరులో నిపుణురాలు చెప్పేదాకా నాకు తెలియలేదు.

మరొక విధంగా చూసినా యంత్రానిది ఓర్పు అనిపించుకోదు. విసుగు రాగలిగి, దాన్ని అణచుకున్నవాడిది ఓర్పు. అణచుకోవటానికి ఏమీ లేనిది ఓర్చుకున్నదనటానికి అర్థం లేదు. 1966లో అమెరికాలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే శాస్త్రవేత్త ‘ఎలైజా’ అనే కంప్యూటరు కార్యక్రమాన్ని వెల్లడించాడు. వైద్యుణ్ణి అనుకరిస్తూ, మనం అన్నదాన్నే ప్రశ్నగా తిప్పి అడగటం తప్ప దానికి తెలిసింది లేదు. అయినా మనుషులు దానితో మనసు విప్పి మాట్లాడారు. అది ఎట్లా తయారైందో చూస్తూ వచ్చిన ఆయన కార్యదర్శినే, దానితో ఏకాంతంగా మాట్లాడాలి, మీరు గదిలోనుంచి వెళ్ళండని ఆయనను కోరింది. వైజెన్‌బామ్ సంతోషించలేదు, భయపడ్డాడు. 1976లో రాసిన పుస్తకంలో, చెయ్యగలిగినా యంత్రానికి అప్పగించకూడని పనులు ఉన్నవని వాదించాడు. మనిషి బాధను అర్థం చేసుకోవటం అందులో ఒకటి.

దీనికి మూలం భాష స్వభావంలోనే ఉన్నది. 1934లో చిన్నవయసులోనే చనిపోయిన సోవియట్ మనోవిజ్ఞానవేత్త వైగాట్‌స్కీ, మాట ముందు మనుషుల మధ్య పుట్టి, తరువాతనే మనిషి లోపల ఆలోచనగా మారుతుందని చూపాడు. ఆయన సహచరుడు లూరియా రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, మెదడుకు గాయాలైన సైనికులకు పోయిన పనులు తిరిగి నేర్పటంలో ఏళ్ళు గడిపి, ఆ అనుభవాన్ని 1948లో గ్రంథంగా ప్రకటించాడు. మాట మనుషుల మధ్య పుట్టేదే అయితే, పోయిన మాట తిరిగి పుట్టవలసిందీ అక్కడే. యంత్రం ఎదుట “అరటిపండు” అని నలభైసార్లు పలకటం కసరత్తు. అమ్మతో “అరటిపండు కుళ్ళింది, పారెయ్” అనటం భాష. కసరత్తు లేకుండా భాష రాకపోవచ్చు. కాని కసరత్తు భాష కాదు.

మన పాఠకులకు తెలిసిన ఒక జీవితంలో దీనికి ఉదాహరణ ఉన్నది. 1923 మార్చిలో వచ్చిన దెబ్బతో లెనిన్‌కు కుడివైపు చచ్చుబడి మాట పోయింది. లక్షలమందిని కదిలించిన గొంతు ఒకటి రెండు చిన్నమాటలకు కుదించుకుపోయింది. గోర్కీ గ్రామంలో, వృత్తిరీత్యా ఉపాధ్యాయురాలైన క్రూప్‌స్కయా రోజూ కూర్చుని ఆయనకు మాటలు నేర్పింది. ఎడమచేత్తో రాయటం నేర్పింది. 1924 జనవరి 21న ఆయన చనిపోవటానికి రెండు రోజుల ముందు జాక్ లండన్ ‘లవ్ ఆఫ్ లైఫ్’ కథ చదివి వినిపించింది. ఆయన పూర్తిగా కోలుకోలేదు. అంతమాత్రం చేత ఆ నెలల శ్రమ వ్యర్థమనగలమా? వైద్యఫలితం ఒక్కటే కొలమానమైతే వ్యర్థమే. కాని ఆ నెలలలో మాటరాని మనిషి మాట్లాడదగిన మనిషిగానే మిగిలాడు. రోగి కోరేదానిలో సగం ఇదే. దీన్ని ఇవ్వటానికి ఇచ్చేవాడు మనిషి కావాలి.

ఇంతవరకు మనిషినీ యంత్రాన్నీ ఎదురెదురుగా పెట్టి మాట్లాడాను. ఇక్కడితో ఆపితే అది భావవాదమే అవుతుంది. యంత్రాన్ని మార్క్స్ 1867లోనే ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో విచారించాడు. శ్రామికుడికి కీడు చేస్తున్నది యంత్రం కాదు, పెట్టుబడి దాన్ని వాడుకునే పద్ధతి అని ఆయన తేల్చాడు. మంచం పక్కన ఉన్న యంత్రానికీ అదే ప్రశ్న వెయ్యాలి. దీని యజమాని ఎవరు?

నాన్న పలికిన ప్రతి తప్పుమాటా ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ కంప్యూటర్లకు చేరుతుంది. 2023లో అమెరికాలో, పిల్లల గొంతుల రికార్డులను చట్టవిరుద్ధంగా నిలవ ఉంచుకున్నదన్న అభియోగం మీద అలెక్సా యజమాని అమెజాన్ 2 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకున్నది. పిల్లలకైనా అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. మాటరాని ముసలివాడి తరపున అడిగేదెవరు? ఇంకొకటి: ఈ యంత్రాలు తడబడకుండా మాట్లాడేవారి గొంతులమీద తయారైనవి. తడబడే గొంతులను అర్థం చేసుకునేందుకు గూగుల్ 2019లో ‘యుఫోనియా’ అనే ప్రయత్నాన్ని ప్రకటించింది. 2022లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పెద్ద కంపెనీల తోడ్పాటుతో అటువంటి గొంతులు సేకరించటం మొదలుపెట్టింది. మంచి పనే. కాని అది మొదలైంది ఇంగ్లీషుతో. గుంటూరు జిల్లా యాసలో తడబడే తెలుగును వినటం ఎవరికి లాభసాటి? లాభసాటి కానిదాన్ని ప్రభుత్వం చెయ్యాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, నాడీసంబంధమైన దెబ్బవల్ల శాశ్వతంగా మాట పోవటాన్ని వైకల్యంగా గుర్తించింది. వాక్శ్రవణ సంస్థ ఒకటి మైసూరులో 1965 నుంచి ఉన్నది. చట్టం ఉండి, శాస్త్రం ఉండి, తెనాలి మనిషి మాటకోసం గుంటూరుకు కారు కట్టించుకోవలసి రావటం యంత్రం చేసిన తప్పు కాదు.

ఇక్కడొక ఆక్షేపణ వస్తుంది. నిపుణులు లేరు, ఇంట్లోవారికి తీరిక లేదు, ఏమీ లేకపోవటం కంటె యంత్రం నయం కదా? నయమే. ఈనాడు మంచాన ఉన్న రోగికి దాన్ని నిరాకరించటం క్రూరత్వం. కాని “ఏమీ లేకపోవటం” ప్రకృతి సిద్ధమైన స్థితి కాదు. అది మనుషులు తయారుచేసింది, బడ్జెట్లు తయారుచేసింది. యంత్రాన్ని ఆ లేమికి ఊతకర్రగా వాడుకోవచ్చు. ఆ లేమికి సమాధానంగా ఒప్పుకోకూడదు. నిపుణురాలి ఉద్యోగానికి బదులు ఒక డబ్బా ఇచ్చి పంపే రోజు వస్తే, దాన్ని ఎదిరించవలసింది యంత్రద్వేషంతో కాదు, ఆ ఉద్యోగం కావాలని అడగటంతో.

నా సంగతి కూడా చెప్పి ముగిస్తాను. యంత్రం వచ్చిన తరువాత నేను తెనాలి వెళ్ళటం తగ్గింది. ఆదివారాలు రెండువారాలకొకటి అయినవి. అది చూసుకుంటుందిలే అనుకున్నాను. చీకటిలో కూర్చున్న సంగతి అమ్మ ఫోనులో చెప్పిన రోజున నేను మరో ఊళ్ళో, శ్రామిక సాహిత్యం మీద పత్రం చదవటానికి వెళ్ళి ఉన్నాను. యంత్రం నన్ను అబద్ధంలోకి నెట్టలేదు. నేను వెతుక్కుంటున్న సాకును అది అందించింది.

కాబట్టి ఈ ప్రశ్నకు నాకు దొరికిన కొలబద్ద ఇది. యంత్రం మంచిదా చెడ్డదా అని అడిగి ప్రయోజనం లేదు. అది రోజుకు ఒక గంట మిగిల్చితే, ఆ గంట ఎవరికి చేరింది అని అడగాలి. అమ్మ నిద్రకు చేరితే మంచిదే. కసరత్తు యంత్రానికి వదిలి, ఆ గంట నాన్న పక్కన ఊరికే కూర్చుని ఆయన మాటకోసం ఎదురుచూడటానికి చేరితే మరీ మంచిది. ఆస్పత్రి యజమాని లాభానికో, ప్రభుత్వం పొదుపుకో, కొడుకు తప్పుకోవటానికో చేరితే, ఆ గంట రోగినుంచి దొంగిలించినదే. ఈ లెక్క ఇంట్లో వెయ్యవలసినవాళ్ళం మనం. ఆస్పత్రులలోనూ బడ్జెట్లలోనూ వేయించవలసినవాళ్ళమూ మనమే.

ఇప్పుడు మళ్ళీ ప్రతి ఆదివారం వెళుతున్నాను. నాన్న వాక్యాలు మూడు నాలుగు మాటల పొడవుకు వచ్చినవి. యంత్రం అలమారులో లేదు, ఆయన పక్కనే ఉన్నది. మందుల వేళలు చెప్తున్నది, ఉదయంపూట కసరత్తు వింటున్నది. లైటుకూ ఫ్యానుకూ మాత్రం ఎడమచేతికి అందేట్టు రెండు స్విచ్చులు బిగించాం. ఆ ఆలోచన అమ్మది.